కత్తిరించిన నాదము

కత్తెరయు జిగురును చేతబట్టినవారు చిత్రములు చేయుదురని పిల్లలందరును ఎరుగుదురు. పాత క్యాలెండరు కాగితముతో పుస్తకమునకు అట్ట వేయని బాలుడు గాని, పండుగనాడు రంగు కాగితముల తోరణము కట్టని బాలిక గాని తెలుగు ఊళ్లలో అరుదు. కాని బ్లేడుతో కోసి, జిగురుపట్టీతో అతికించి సంగీతము చేసినవారు కూడ ఉండిరనిన వినువారికి వింతగా తోచును. అట్టివారిలో ఒకరు ఇంగ్లాండు దేశపు డెలియా డెర్బిషైర్. ఆమె చేసిన ఎలక్ట్రానిక్ సంగీతమును విని, కాగితపు ముక్కలతో దానికి చిత్రములు కూర్చవచ్చును. ఆ పని యెట్లు చేయవలెనో తెలిసికొనుటకు ముందు ఆమె పని యెట్టిదో తెలియవలెను. ఏలయన, ఆ రెండు పనులును దగ్గరి చుట్టములు.

డెలియా 1937వ సంవత్సరము మే 5వ తేదీన కొవెంట్రీ నగరమున జన్మించెను. ఆమెకు మూడేండ్లు నిండిన కొలది నెలలకే, 1940 నవంబరులో, జర్మను విమానములు ఒక రాత్రి ఆ నగరముపై బాంబులు కురిపించెను. వందలకొలది జనులు మరణించిరి. ప్రాచీనమైన పెద్ద చర్చి కాలిపోయి గోడలు మాత్రము మిగిలెను. ఆ యుద్ధకాలమున విమానములు వచ్చుచున్నవని హెచ్చరించు సైరను కూత ఎగయుచు దిగుచు సాగెడిది. ప్రమాదము తొలగిన పిమ్మట అదే సైరను ఒకే స్థాయిలో నిలిచి మ్రోగెడిది. యంత్రనాదముపై తనకు మక్కువ ఆ కూతలతోనే మొదలైనదని డెలియా పెద్దయైన పిదప చెప్పుకొనెను. ఇతరులు భయముతో చెవులు మూసికొన్న శబ్దమునందు ఒక పసిబిడ్డ నాదమును వినుట విచిత్రమే.

ఆమె కేంబ్రిడ్జిలోని గర్టన్ కళాశాలలో గణితమును, సంగీతమును చదివి 1959లో పట్టము పొందెను. ఉద్యోగము కొరకు ఒక గ్రామఫోను కంపెనీ నడుగగా, ధ్వనిముద్రణశాలలో స్త్రీలను నియమింపమని వారు సమాధాన మిచ్చిరి. ఆమె నిరుత్సాహపడలేదు. 1960లో బి.బి.సి.లో శిక్షణార్థిగా చేరి, 1962లో తాను కోరుకొన్న శాఖకు మారెను. దాని పేరు రేడియోఫోనిక్ వర్క్‌షాపు. లండనులోని మైడావేల్ స్టూడియోలలో 1958లో ఏర్పడిన ఆ శాఖ పని, నాటకములకును, పాఠములకును కావలసిన క్రొత్త ధ్వనులను తయారు చేయుట. దానిని నెలకొల్పినవారిలో డాఫ్నే ఓరమ్ అను మరియొక స్త్రీ కూడ కలదు.

ఆనాడు మీట నొక్కినంతనే కావలసిన నాదమునిచ్చు యంత్రములు ఆ శాలలో లేవు. పావు అంగుళము వెడల్పుగల టేపుపై ధ్వనిని ముద్రించెడివారు. ఆ టేపు సెకనుకు 15 అంగుళముల వేగముతో నడచును. అనగా అర సెకను నిలువవలసిన స్వరమునకు ఏడున్నర అంగుళముల టేపు కావలెను. పావు సెకను స్వరమునకు మూడుముప్పాతిక అంగుళములు చాలును. కాలము కంటికి కనబడదందురు. ఆ శాలలో అది బల్లపై పరచి, స్కేలుతో కొలిచి, బ్లేడుతో కోయదగిన వస్తువు. కోత నిలువుగా ఉన్నచో అతుకువద్ద టక్కుమను శబ్దము పుట్టవచ్చును. కావున వారు ఏటవాలుగా కోసెడివారు. ఏటవాలు అతుకు మీదుగా ఒక స్వరము మరియొక స్వరములోనికి మెల్లగా జారును.

టేపు వేగమును రెండింతలు చేసినచో అందలి స్వరము ఒక స్థాయి పైకి పోవును. మధ్యస్థాయి షడ్జము తారస్థాయి షడ్జమగును. సగము చేసినచో మంద్రస్థాయికి దిగును. ఈ విధముగా ఒక్క తీగను ఒక్కమారు మీటి, ఆ ధ్వనినుండియే కావలసిన స్వరములన్నిటిని సంపాదింపవచ్చును. గణితము చదివిన డెలియాకు ఈ లెక్కలు విసుగు పుట్టింపలేదు సరికదా, ఆమె వాటియందే సుఖించెను.

1963లో బి.బి.సి. టెలివిజనువారు కాలములో ప్రయాణము చేయు ఒక వీరుని కథను ప్రారంభించిరి. దాని పేరు డాక్టర్ హూ. ఆ కథకు ముందు వినిపింపవలసిన సంగీతమును రాన్ గ్రేనర్ అను స్వరకర్త కొద్దిపాటి వ్రాతలో రచించి యిచ్చెను. అందు స్వరములతో పాటు గాలిబుడగ, మేఘము వంటి మాటలు వ్రాయబడి యుండెను. వాటిని ధ్వనిగా మార్చు భారము డెలియాపై పడినది. డిక్ మిల్స్ అను సహాయకునితో ఆమె పనికి పూనుకొనెను. క్రింద నడచు గంతుల వంటి మంద్రస్వరములకు మీటిన తీగ ధ్వనిని, పైన తేలియాడు రాగమునకు ఆసిలేటరు అను విద్యుత్పరికరపు నాదమును, మేఘములకు బుస్సుమను శబ్దమును తీసికొనెను. ఒక్కొక్క స్వరమును వేరువేరుగా ముద్రించి, కోసి, వరుసగా అతికించిరి. మూడు టేపులను మూడు యంత్రములపై ఒకేసారి నడిపి కలుపవలసి యుండెను. ఒకచోట స్వరము తప్పి వినబడెను. ఎంత వెదకినను ఆ తప్పెక్కడనో తెలియలేదు. అప్పుడు వారు ఆ టేపులను పొడవైన నడవలోనికి తెచ్చి, ప్రక్కప్రక్కన పరచి, అతుకులను చూచుకొనుచు నడచి, ఒక అతుకు తక్కినవాటితో సరిపడకుండుట కనుగొనిరి. సంగీతములోని తప్పును చెవితో గాక కాలినడకన పోయి కంటితో పట్టుకొనుట మరెక్కడ జరిగియుండును!

ఆ సంగీతము 1963 నవంబరు 23వ తేదీన తొలిసారి ప్రసారమైనది. తన రచన ఇంతటి రూపము దాల్చుట చూచి గ్రేనర్ ఆశ్చర్యపడి, ఇది నేను వ్రాసినదేనా యని అడిగెననియు, చాలవరకు మీదేయని డెలియా బదులు చెప్పెననియు అందరును చెప్పుకొందురు. ఆమె పేరును కూడ కర్తగా చేర్పవలెనని గ్రేనర్ కోరెను. వర్క్‌షాపు ఉద్యోగుల పేర్లు ప్రకటించు ఆచారము లేదని సంస్థ అంగీకరింపలేదు. టెలివిజను తెరపై ఆ సంగీతమునకు ఆమె పేరు తొలిసారి కనబడినది 2013లో, ఆ కథకు 50 ఏండ్లు నిండిన సందర్భమున. అప్పటికి ఆమె మరణించి 12 ఏండ్లు గడచెను.

డెలియా ప్రజ్ఞకు ఈ సంగీతమే గురుతని చాలమంది తలంతురు గాని, మరియొక చిన్న పని అంతకంటె విశేషమైనది. 1967లో సహారా ఎడారి వాసులగు తువారెగు జనులను గూర్చిన చిత్రమునకు ఆమె సంగీతము కూర్చెను. ఎండలో మినుకుమినుకుమను ఎడారి, దూరమున కదలు ఒంటెల బారు. వీటికి తగిన నాదము ఏ వాద్యమునందును ఆమెకు దొరకలేదు. శాలలో పాత లోహపు దీపపు డోము ఒకటి ఉండెను. అది ఆకుపచ్చనిది. దానిని కొట్టి, ఆ ధ్వనిని ముద్రించెను. కొట్టిన క్షణమున పుట్టు ఠంగుమను శబ్దమును టేపునుండి తొలగించెను. వెనుక సాగు అనురణనమును మాత్రము ఉంచుకొనెను. కొట్టిన చప్పుడు లేకున్నచో అది డోమని వినువాడు గుర్తింపజాలడు. వస్తువు పోయి వన్నె మాత్రము మిగిలినది.

ఇక కాగితము సంగతి. ముక్కలను అతికించి చేయు చిత్రమును కొలాజు అందురు. అంటించుట అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి ఆ పేరు వచ్చినది. 1912లో పికాసో, బ్రాక్ అను చిత్రకారులు వార్తాపత్రికల ముక్కలను, గోడకాగితములను చిత్రములందు చేర్చి దానికి గౌరవము కల్పించిరి. హెన్రీ మాతీస్ 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగిన పిదప ఎక్కువసేపు నిలువలేని స్థితిలో, సహాయకులు రంగు పూసి యిచ్చిన కాగితములను కత్తెరతో కోసి చిత్రములు చేసెను. 1947లో వెలువడిన ఆయన చిత్రముల పుస్తకమునకు జాజ్ అను సంగీతపు పేరే పెట్టబడినది.

డెలియా సంగీతమునకు చిత్రము చేయుమనిన, పలువురు ముందుగా ఆమె ముఖమును, చెవులకు తగిలించుకొను యంత్రమును, చక్రములవంటి టేపులను గీయుదురు. అది తప్పు కాదు. కాని అది ఆమె చిత్రమే గాని సంగీతపు చిత్రము కాదు. ఆమె చేసినట్లు చేయుటయే ఇందు ఉపాయము. మొదట సంగీతమును రెండుమూడు మారులు కన్నులు మూసికొని వినవలెను. పిదప ఒక అట్టముక్కపై పొడవునకు గీత గీచి, సెకనుకు ఒక అంగుళము చొప్పున గుర్తులు పెట్టవలెను. పండ్రెండు అంగుళముల అట్టపై పండ్రెండు సెకనుల సంగీతము పట్టును. అంతకంటె ఎక్కువ ఆశపడరాదు.

గంతులవలె తిరిగి తిరిగి వచ్చు మంద్రస్వరములకు, దళసరి కాగితమును నాలుగు మడతలు పెట్టి ఒకే ఆకారమును కోయవలెను. ఒక్క కోతకు నాలుగు ముక్కలు వచ్చును. అదే ఆకారమును సగము కొలతతో కోసినచో అది పై స్థాయి స్వరము. పైన తేలు రాగమునకు పొడవైన ఒకే ముక్క కావలెను. దానిని కోయునపుడు కత్తెర నెత్తరాదు. కత్తెరను త్రిప్పుటకు మారుగా ఎడమచేతితో కాగితమునే త్రిప్పుచుండినచో వంపు నునుపుగా వచ్చును. కోయగా మిగిలిన కాగితమును పారవేయుట తెలివితక్కువ. అందును ఆ వంపే ఉన్నది. మాతీసు దానిని కూడ వాడుకొనెడివాడు.

బుస్సుమను మేఘనాదమునకు కత్తెర పనికిరాదు. ఆ శబ్దమున హెచ్చు తగ్గు స్వరములన్నియు కలగలసి యుండును. తెల్లని వెలుగులో అన్ని రంగులు ఉన్నట్లే ఇదియు. వార్తాపత్రికను చేతితో చించి అంచులు పీచుపీచుగా ఉండునట్లు పేర్చినచో, చేరువనుండి అక్షరములుగా తోచునది దూరమునుండి బూడిదవన్నె మబ్బుగా కనబడును. దానిపై గాలిపటముల కాగితమును ఒకటి రెండు పొరలు పరచవచ్చును. పత్రిక ఒకవైపునకు తిన్నగా చిరుగును, రెండవవైపునకు వంకరలు పోవును. కాగితపు నారలు పోవు దిక్కును బట్టి అట్లగును. మబ్బునకు వంకర చిరుగే మేలు.

దీపపు డోము పాఠమును ఇక్కడ మరువరాదు. సినిమా గోడపత్రికలోని కథానాయకుని చెంప, శుభలేఖపై కలశపు బంగారు అంచు, చీరల ప్రకటనలోని మడత; వీటిని యథాతథముగా అంటించినచో చూచువాడు ముఖమును, కలశమును, చీరను చూచునే గాని సంగీతమును చూడడు. కన్నును, ముక్కును, పేరును కోసివేసి, వన్నె మాత్రము మిగులునట్లు చేయవలెను. నచ్చిన బొమ్మను కోసివేయుటకు మనసు రాకపోవుట సహజమే. ఈ పనిలో కష్టమంతయు అక్కడనే ఉన్నది.

ముక్కలన్నియు సిద్ధమైన పిమ్మట వెంటనే అంటింపరాదు. అట్టపై పేర్చి, సంగీతమును మరల వినుచు, వ్రేలితో గీతవెంట సెకనుల చొప్పున పోవలెను. వ్రేలు చేరిన చోటను, చెవి వినుచున్న చోటను ఒకే ముక్క ఉన్నదా లేదా చూడవలెను. తప్పినచో జరుపవలెను. డెలియాయు ఆమె సహాయకుడును నడవలో చేసిన పని ఇదియే. సంగీతము ఆగినచోట అట్టను ఖాళీగా వదలవలెను. ఖాళీ కనబడగానే ఏదో ఒక ముక్క అంటింపవలెనని చేయి ఉబలాటపడును. దానిని అణచుకొనవలెను.

జిగురునకు మైదాపిండి చాలును. ఒక వంతు పిండిని ముందుగా చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి, మొత్తము నాలుగైదు వంతుల నీరగునట్లు చేర్చి, సన్నని సెగపై కలియబెట్టుచు చిక్కబడువరకు ఉడికింపవలెను. తడిసిన కాగితము సాగును, ఆరునపుడు బిగియును. అందుచేత అట్ట ఒకవైపునకు వంగిపోవును. అట్ట వెనుకవైపున కూడ ఒక కాగితమును అంటించినచో రెండువైపుల బిగువు సమమగును. పిదప శుభ్రమైన కాగితము కప్పి, బరువైన పుస్తకముల క్రింద ఒక రాత్రి ఉంచవలెను. వార్తాపత్రిక ఎండ తగిలినచో త్వరగా పసుపువన్నెకు తిరుగును గాన చిత్రమును నీడపట్టున వ్రేలాడదీయవలెను.

చిత్రము వెనుక, చేసినవారి పేరు, తేదీ, విన్న సంగీతపు పేరు పెన్సిలుతో నేరుగా అట్టపైననే వ్రాయవలెను. చీటీపై వ్రాసి అంటించుట మంచిది కాదు. 2001 జూలై 3వ తేదీన డెలియా మరణించిన తరువాత ఆమె యింటి అటకపై 267 టేపులు దొరికెను. అవి 2007లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చేరినవి. జిగురు ఎండి, పెట్టెలపై అంటించిన చీటీలు ఊడిపోయి యుండుటచేత, ఏ టేపులో ఏ నాదమున్నదో తెలిసికొనుటకు పండితులు వాటిని ఒక్కొక్కటిగా వినవలసి వచ్చెను.