ధారణ - విద్యాభ్యాసము

విజయవాడనుండి భద్రాచలమునకు పోవు మార్గమున తిరువూరు పట్టణము కలదు. శ్రీరామచంద్రుని సేవింప నేగు యాత్రికులు ఎందరో ఈ ఊరి మీదుగా సాగిపోవుదురు. ఆ స్వామికి అంకితమైన దాశరథీ శతకము తెలుగునాట తరతరములుగా బాలురకు కంఠపాఠముగా నేర్పబడుచు వచ్చినది. చిన్ననాట నేర్చిన ఆ పద్యములను డెబ్బది ఏండ్ల ప్రాయమున తడుముకొనక చదువు పెద్దలు కలరు. నిన్నటి పాఠమును నేటి పరీక్షలో మరచి కంట తడి పెట్టు మనుమలును వారి యిండ్లలోనే ఉందురు. ఈ భేదమునకు బుద్ధి కంటె నేర్చిన రీతియే ముఖ్య కారణము.

విద్యకు మూడు మెట్లు కలవు. విన్నదానిని మనస్సు పట్టుకొనుట గ్రహణము. దానిని నిలుపుకొనుట ధారణ. కావలసినప్పుడు వెలికి తెచ్చుట స్మరణ. నేటి మనశ్శాస్త్రజ్ఞుల విభజనయు ఇంచుమించుగా ఇట్టిదే. మెదడులోని హిప్పోకాంపస్ అను చిన్న భాగము కొత్త సంగతులను నిలకడగల జ్ఞాపకములుగా మార్చుటకు ఆధారమై యున్నది. నిద్రలో ఆ జ్ఞాపకములు మరింత స్థిరపడును. కావున రేయంతయు మేల్కొని చదివించుట బాలునకు మేలు గాదు.

మనస్సు ఒక్కమారు పట్టి యుంచగల అంశములు ఏడింటికి కొంచెము అటునిటుగా ఉండునని 1956లో జార్జి మిల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వ్రాసెను. విడి అంశములను గుంపులుగా కూర్చినచో భారము తగ్గునని కూడ ఆయన చూపెను. పద్యము చేయు ఉపకారము ఇదియే. ఉత్పలమాలలో పాదమునకు ఇరువది అక్షరములు. ప్రతి పాదమున రెండవ అక్షరము ప్రాస; పదవ అక్షరము యతిస్థానము. ఒక మాట జారిపోయినను గణముల నడకయు, ప్రాసయు, యతియు దానిని వెదకి తెచ్చును. శతకమంతటికి ఒక్కటే మకుటమగుటచే ప్రతి పద్యపు ముగింపు ముందుగనే చేజిక్కి యుండును.

జర్మనీ దేశీయుడగు ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల కూర్పులను తానే వల్లించి, మరపు నడచు తీరును పరీక్షించి, 1885లో ప్రకటించెను. నేర్చినదానిలో పెక్కుభాగము మొదటి గంటలలోనే జారిపోవును. పిమ్మట మరపు మందగించును. ఒక్కనాడే పలుమార్లు వల్లించుట కంటె, దినములు ఎడమిచ్చి వల్లించినచో తక్కువ శ్రమతో నిలుచును.

ఈ సూత్రము వైష్ణవ గృహములలో ఆచారరూపమున వెలుగుచున్నది. ఆండాళ్ తల్లి తిరుప్పావై ముప్పది పాశురములు. ధనుర్మాసమున దినమున కొక పాశురము విశేషముగా అనుసంధింపబడును. నిన్నటివానిని చదివియే నేటిదానికి వచ్చు బాలునకు మాసాంతమునకు ముప్పదియు నోటికి వచ్చును. మరుసటి యేట మార్గశిర పుష్యములలో మరల ఆవృత్తి జరుగును. వేదాధ్యయనమున గురువు సంత చెప్పగా శిష్యులు మరల మరల పలుకుదురు. పిమ్మట పదములను ముందు వెనుకలుగా కూర్చి క్రమ, జట, ఘన పాఠములను చెప్పుదురు. అందుచే ఒక్క స్వరము తప్పినను వెంటనే పట్టుబడును. ఈ వేదపఠన సంప్రదాయమును 2003లో యునెస్కో మానవజాతి వారసత్వముగా ప్రకటించెను.

తెలుగువారి ధారణకు పరాకాష్ఠ అవధానము. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870-1950) తిరుపతి వేంకట కవులను పేర శతావధానములు చేసి పల్లెపల్లెకు ఆ విద్యను పరిచయము చేసిరి. అవధాని పృచ్ఛకులకు వరుసగా ఒక్కొక్క పాదము చెప్పుచు నాలుగు ఆవృత్తులలో పద్యములను పూర్తి చేయును. తుదకు ఏ కాగితమును చూడక అన్నింటిని ఏకధాటిగా అప్పగించును. ఈ అప్పగింతలో విద్యార్థికి గొప్ప పాఠము కలదు. చదివినదానినే మరల చదువుట కంటె, పుస్తకము మూసి తలచుకొని చెప్పుటయే మేలని 2006లో రోడిగర్, కార్పికె అను అమెరికా పరిశోధకులు నిరూపించిరి. అయిదు నిమిషముల పిమ్మట జరిపిన పరీక్షలో మరల చదివినవారికి ఆధిక్యము కనబడెను. వారము గడచిన పిమ్మట తలచుకొని చెప్పినవారే ఎక్కువ నిలుపుకొనిరి.

అయినను వల్లెవేయుట మాత్రమే విద్య కాదు. అర్థముతో పెనవేసిన మాటయే మనస్సున వేరూనును. భగవద్రామానుజులు శ్రీభాష్యమున, తైలధార వలె ఎడతెగని స్మృతియే మోక్షసాధనమైన ఉపాసనమనియు, ప్రీతిరూపమైన ఆ ధ్రువానుస్మృతియే భక్తియనియు ప్రతిపాదించిరి. ప్రేమించినదానిని మనుజుడు మాటిమాటికి తలచును. తలచినకొలది అది నిలుచును. భయముచే నేర్చినది పరీక్షతో తీరిపోవును.

ఇచట ఒక శంక పుట్టును. వార్ధక్యమున కన్నబిడ్డల పేర్లే మరచువారు కలరు. జీవితమంతయు స్వామిని తలచినవాడు అంత్యకాలమున ఆ నామమునే మరచినచో వాని గతి యేమి? వరాహ చరమశ్లోకము దీనికి సమాధానము. మనస్సు స్వస్థముగా, శరీరము దృఢముగా ఉన్నపుడు తన్ను తలచిన భక్తుడు, కట్టె వలె, రాయి వలె పడియున్న వేళ, తానే అతనిని స్మరించి పరమగతికి చేర్తునని వరాహమూర్తి భూదేవికి మాట యిచ్చెను. జీవుని ధారణ సడలినను స్వామి ధారణ సడలదు.

కావున మరచిన వృద్ధులను విసుగుకొనరాదు. చిన్ననాట లయతో నేర్చిన పాట, ఇతర సంగతులు తొలగినను, పెక్కుమందిలో చాలకాలము మిగిలి యుండును. సాయంసంధ్యవేళ వారి చెంత బాలుని కూర్చుండబెట్టి, దినమున కొక్క పద్యము, అర్థముతో, పుస్తకము మూసి చెప్పించుట మేలు. బాలునకు అది విద్య. వృద్ధునకు అది ఊరట. ఉభయులకు అది భగవత్సేవ.