తక్కువ భారం వద్ద ఇంజిను ఇంధన సామర్థ్యం: హైబ్రిడ్ కారు నుంచి వరి ప్రాంతపు ట్రాక్టరుకు ఒక పాఠం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి సాగయ్యే మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట ప్రాంతాలలో దమ్ము మొదలుకొని ధాన్యాన్ని మిల్లుకు చేర్చే వరకు ట్రాక్టరు తప్పనిసరి. సాగు ఖర్చులో డీజిల్ వాటాను తగ్గించాలంటే, ఇంజిను ఏ స్థితిలో ఇంధనాన్ని వృథా చేస్తుందో ముందుగా తెలుసుకోవాలి. ఇందుకు కార్లలోని సిలిండర్ నిలుపుదల విధానం చక్కని ఉదాహరణ.

కారులో జరిగేది

సూర్యాపేట నుంచి కోదాడకు జాతీయ రహదారిపై నిలకడ వేగంతో సాగే కారుకు దాని ఇంజిను గరిష్ఠ శక్తిలో కొద్ది భాగమే అవసరమవుతుంది. అప్పుడు పెట్రోలు ఇంజినులో థ్రాటిల్ చాలావరకు మూసి ఉంటుంది. ఆ ఇరుకు మార్గం గుండా గాలిని లాగడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. దీనినే పంపింగ్ నష్టం అంటారు. కొన్ని సిలిండర్లకు ఇంధనం ఆపి, వాటి కవాటాలను మూసివేస్తే, మిగిలినవి ఎక్కువ భారాన్ని మోస్తాయి. థ్రాటిల్ మరింత తెరుచుకొని నష్టం తగ్గుతుంది. మూసిన సిలిండరులో చిక్కిన వాయువు స్ప్రింగులా నొక్కుకొని తిరిగి వ్యాకోచిస్తుంది.

హైబ్రిడ్ కారులో దీనికి మరొక ప్రయోజనం ఉంది. 2008లో మన దేశంలో విడుదలైన హోండా సివిక్ హైబ్రిడ్‌లో, వేగం తగ్గించేటప్పుడు నాలుగు సిలిండర్ల కవాటాలూ మూసుకునే ఏర్పాటు ఉండేది. ఇంజిను నిరోధం తగ్గినందువల్ల బండి గమనశక్తిలో ఎక్కువ భాగం మోటారు ద్వారా బ్యాటరీకి చేరేది.

ట్రాక్టరుకు అన్వయం

ట్రాక్టరు డీజిల్ ఇంజినులో శక్తిని గాలితో కాక, ఇంధన పరిమాణంతో నియంత్రిస్తారు. కనుక థ్రాటిల్ వల్ల కలిగే నష్టం ఇక్కడ ప్రధానం కాదు. అయితే పిస్టన్లు, బేరింగులు, పంపుల ఘర్షణ నష్టం వేగంతోపాటు పెరుగుతుంది. తేలిక పనికి ఇంజినును పూర్తి వేగంతో నడిపితే డీజిల్‌లో పెద్ద భాగం ఈ నష్టానికే పోతుంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. పనికి 10 కిలోవాట్లు కావాలి. నిమిషానికి 2000 భ్రమణాల వద్ద ఘర్షణ నష్టం 8 కిలోవాట్లు, 1500 వద్ద 5.5 కిలోవాట్లు అనుకుందాం. మొత్తం అవసరం 18 నుంచి 15.5 కిలోవాట్లకు, అంటే సుమారు 14 శాతం తగ్గుతుంది. పై గేరు వేసినందువల్ల బండి వేగం మాత్రం మారదు.

రైతులకు సూచించవలసినవి

1. ఖాళీ ట్రాలీతో తిరుగు ప్రయాణం, తేలికపాటి దున్నకం వంటి పనులలో పై గేరు వేసి, ఇంజిను వేగం తగ్గించాలి.

2. యాక్సిలరేటరును కొద్దిగా పెంచి చూడాలి. ఇంజిను వెంటనే వేగం అందుకుంటే గేరు సరైనదే. నల్లని పొగ వస్తూ వేగం పుంజుకోకపోతే కింది గేరుకు మారాలి.

3. దమ్ములో కేజ్‌వీల్స్‌తో పనిచేసేటప్పుడు భారం అధికం. అక్కడ ఈ పద్ధతి పనికిరాదు.

4. రోటవేటరును నిర్దేశించిన పీటీవో వేగంతోనే నడపాలి. తక్కువ ఇంజిను వేగంతో అదే పీటీవో వేగాన్నిచ్చే ఎకానమీ గేరు ఉన్న ట్రాక్టర్లలో మాత్రమే, తేలిక పనులకు దానిని వాడవచ్చు.

5. మిల్లు ముందు వరుసలో ఆగినప్పుడు ఇంజినును ఆపాలి. భారంలేని ఇంజిను తాగే డీజిల్ అంతా వృథాయే.

6. పొదుపు పేరుతో ఒక ఇంజెక్టరుకు ఇంధనం ఆపరాదు. కవాటాలు ఆడుతూనే ఉంటాయి కనుక ఆ సిలిండరు గాలిని పీల్చి వదలడానికి శక్తిని తింటుంది. అదిరింపూ పెరుగుతుంది.

కారులో కంప్యూటరు చేసే నిర్ణయాన్ని ట్రాక్టరుపై డ్రైవరే చేయాలి. కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని పొలంలోనే చూపడం మేలు. ట్యాంకు నింపి ఒకే పనిని రెండు గేర్లలో సమాన విస్తీర్ణంలో చేయించి, ప్రతిసారీ తిరిగి నింపిన డీజిల్‌ను కొలిస్తే, తేడాను రైతు తన కళ్ళతోనే చూస్తాడు.