పెరటిలో కొత్తిమీర

తెలుగువారి వంటయింట కొత్తిమీరకు గల స్థానము గొప్పది. చారు మరగుచున్నప్పుడు నాలుగు రెబ్బలు త్రుంచి వేసినచో దాని సువాసన వీధిగుమ్మము వఱకు వ్యాపించును. కాని అంగడినుండి తెచ్చిన కట్ట మఱునాటికే వాడిపోవును. పెరటిలో రెండు మూరల నేల యున్న గృహస్థునకు ఈ చిక్కు లేదు. కావలసినప్పుడు కావలసినంతయే కోసికొనవచ్చును.

కొత్తిమీర మిక్కిలి ప్రాచీనమైన మొక్క. సంస్కృతమున దీనిని ధాన్యకమనియు, కుస్తుంబురువనియు అందురు. కుస్తుంబురు శబ్దము పాణిని వ్యాకరణమునందే కలదు. 1922లో ఈజిప్టు దేశమున టుటంఖామన్ అను రాజు సమాధి బయల్పడినప్పుడు అందలి వస్తువులలో ధనియాలును కనబడినవి. మూడువేల సంవత్సరములకు పూర్వమే మానవుడు వీనిని విలువైనవిగా నెంచెననుటకు ఇది నిదర్శనము.

కొత్తిమీర, ధనియాలు వేఱువేఱని కొందఱు బాలురు తలంతురు. ఆ రెండును ఒకే మొక్కనుండి వచ్చునవి. ఆకు కొత్తిమీర, పండి యెండిన కాయ ధనియము. జీలకఱ్ఱ, వాము, సోపు, క్యారట్ దీని కుటుంబములోనివే. ధనియము చూచుటకు ఒకే గింజవలె నుండును. కాని దానిలో రెండు బద్దలు కలవు. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క విత్తనము దాగియుండును. అందుచేత విత్తుటకు ముందు ధనియాలను నేలపై పఱచి, చెక్కపీటతో మెల్లగా రాచి, బద్దలుగా విడదీయవలెను. రోటిలో దంచరాదు, దంచినచో లోపలి బీజము చితికిపోవును. వేయించిన ధనియాలు మొలవవు. ఏండ్లతరబడి నిలువయున్నవి సరిగా మొలవవు.

బద్దలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, మఱునాడు నీడను ఆరబెట్టవలెను. నేలను త్రవ్వి, గడ్డలు చిదిపి, బాగుగా చివికిన పశువుల ఎరువు కలిపి మడి కట్టవలెను. జానెడు ఎడముతో సాళ్లు తీసి, అర అంగుళము లోతున విత్తి, మట్టి కప్పవలెను. నీటిని ధారగా పోయక చేతితో చిలకరింపవలెను. మొలకలు కనబడుటకు ఒకటి రెండు వారములు పట్టును. ఇక్కడనే చాలమంది ఓర్పు కోల్పోవుదురు. అయిదవనాడే మట్టి కెలికి చూచువారు కొందఱు. మడి నిండ నీరు నింపువారు కొందఱు. కెలికినచో లేతవేరు తెగును. నీరు నిలిచినచో విత్తనము కుళ్లును. మొలచిన మొక్కలను పెఱికి వేఱొకచోట నాటుటయు తగదు. దీని తల్లివేరు తిన్నగా క్రిందికి దిగును. అది దెబ్బతిన్న మొక్క ఆకు వేయక త్వరగా పూతకు వచ్చును.

ముప్పది నలువది దినములకు ఆకు కోతకు వచ్చును. మొక్కను పెఱుకక, బయటి ఆకులను మాత్రమే కోసినచో లోపలి చిగురు మరల ఎదుగును. నడుమ కాడ లేచి, ఆకులు దారములవలె సన్నగిలినచో పూత సమీపించినదని గ్రహింపవలెను. ఎండ వేడిమి పూతను త్వరపెట్టును. కావుననే తెలుగు ప్రాంతములందు ఆశ్వయుజ, కార్తిక మాసములలో విత్తినది చలిలో చాలకాలము ఆకు నిచ్చును; వేసవిలో విత్తిన దానికి నీడ కావలయును.

పూత వచ్చినంతనే మొక్క పాడైనదని పెఱికివేయుట తొందరపాటు. గొడుగువలె విచ్చుకొన్న ఆ తెల్లని పూగుత్తులకై తేనెటీగలు వచ్చి వ్రాలును. పచ్చికాయకు ఆకు వాసనయే యుండును. పండినకొలది ఆ ఘాటు తగ్గి, ధనియాల తియ్యని పరిమళము వచ్చును. విత్తిన మూడు నెలలు దాటిన పిమ్మట కాయలు గోధుమవర్ణము దాల్చును. అప్పుడు కోసి నీడను ఎండబెట్టవలెను.

విత్తనమునకై ఏ మొక్కను ఉంచవలెను? అన్నిటికంటె ముందు పూచినదానిని గాక, అన్నిటికంటె ఆలస్యముగా పూచినదానిని ఉంచవలెను. ఎక్కువకాలము ఆకు నిచ్చు గుణము దాని సంతతికి వచ్చు నవకాశము కలదు. మేలైన మొక్కల నేరి విత్తనము కట్టుటయే శాస్త్రజ్ఞుల పద్ధతియు. గుంటూరు సమీపమున లాం పరిశోధనాక్షేత్రమునుండి వెలువడిన సాధన, స్వాతి, సింధు అను ధనియాల రకములు రైతులకు సుపరిచితములు.

పండిన పంటలో వంటకు కొంత, విత్తుటకు కొంత వేఱుచేసి యుంచుకొన్న యింటికి మఱుసటి యేడు అంగడి విత్తనముతో పనిలేదు.