రీము మరో వారం రావాలంటే

ఆటోనగర్లో షెడ్డు కావచ్చు, పోర్టు దగ్గర క్లియరింగ్ ఆఫీసు కావచ్చు, గాజువాకలో ఇంటి ముందుగదిలోనే నడిపే చిన్న వ్యాపారం కావచ్చు. కాగితం ఖర్చు మాత్రం వంటింట్లో పంచదార డబ్బాలాంటిది, ఎవరి కంటా పడకుండా అయిపోతుంది. ఇంటి పనితో పాటు మావారి ఆఫీసు కాగితాలూ నేనే చూస్తాను కాబట్టి, ఇవన్నీ చేసి చూసి చెబుతున్నవే.

1. మన విశాఖలో కాగితానికి మొదటి శత్రువు సముద్రపు చెమ్మ. రీముల్ని నేలమీదా కిటికీ పక్కనా కాకుండా బీరువాలో పెట్టండి, ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి విప్పండి. చెమ్మెక్కితే కాగితాలు అంటుకుపోయి ప్రింటర్లోకి రెండేసి వెళ్లి ఇరుక్కుంటాయి. ఇరుక్కున్న ప్రతిసారీ నాలుగు చెత్తబుట్టలోకే.

2. వానాకాలంలో ఆఫీసు మూసేముందు ట్రేలో మిగిలినవి తీసి రీము కవర్లోనే చుట్టేయండి. పొద్దున్న కట్ట అంచుల్ని బొటనవేలితో ఓసారి విదిలించి పెడితే మెకానిక్కుని పిలిచే పని తగ్గుతుంది.

3. ప్రింటర్లో రెండువైపులా ప్రింటు వచ్చేలా ఒక్కసారి సెట్టింగు పెట్టించేయండి. 500 కాగితాల రీములో 1000 పేజీలొస్తాయి, ఫైళ్లూ సగం లావే అవుతాయి.

4. ఎక్సెల్ పట్టీకి ప్రివ్యూ చూడకుండా ప్రింటు కొట్టొద్దు. చివరి కాలమ్ ఒక్కటే పక్క పేజీలో పడుతుంటే, అన్ని కాలమ్‌లూ ఒకే పేజీలో వచ్చేలా మార్చుకోండి.

5. వోచర్లకీ గేట్‌పాసులకీ సగం ఏ4 చాలు. ఒక పేజీలో రెండు కొట్టి స్కేలుతో చింపుకోండి.

6. కస్టమ్స్ పనికి ఇంకా జిరాక్సు సెట్లు కడుతున్నారా? 2018 నుంచి పత్రాల్ని ఆన్‌లైన్లో ఎక్కించే ఈ-సంచిత్ ఉంది కదా! ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ ఒక్కసారి శుభ్రంగా స్కాన్ చేసి, డిజిటల్ సంతకంతో ఎక్కించండి. మసగ్గా ఉంటే మళ్లీ అడుగుతారు, అందుకే స్కాను మీద ఆ రెండు నిమిషాలూ పెట్టండి. అసలు పత్రాలు మాత్రం భద్రంగా దాచాలి.

7. లారీ డ్రైవరుకి ఈ-వే బిల్లు నంబరు ఫోన్లో పంపితే చాలు, లైసెన్సు, ఆర్సీ డిజిలాకర్లో చూపించుకోవచ్చు. ఇన్వాయిస్ కాపీ మాత్రం బండితో వెళ్లాల్సిందే. ఈ-ఇన్వాయిస్ చేసేవాళ్లయితే దాని క్యూఆర్ కోడు ఫోన్లో చూపినా చెల్లుతుంది.

8. బిల్లు పెట్టేముందు ఎన్ని సెట్లు కావాలో తీసుకునేవాళ్లకే ఫోన్ చేసి అడగండి. ఎందుకైనా మంచిదని తీసే అదనపు సెట్టే అన్నిటికంటే ఎక్కువ కాగితం తింటుంది.

9. కాటా చీటీ, బంకు బిల్లు థర్మల్ కాగితమైతే కొన్నాళ్లకే అక్షరాలు ఎగిరిపోతాయి. చేతికందిన వెంటనే ఫోటో తీసి తేదీ పేరుతో దాచుకోండి, జిరాక్సు ఖర్చు ఉండదు.

10. ఒకవైపు ఖాళీ ఉన్నవాటిని మళ్లీ ప్రింటర్లో పెట్టొద్దు, ముడతకీ పిన్నుకీ మిషను పాడవుతుంది. నాలుగు ముక్కలు చేసి ట్యాగు కట్టి, ఫోను పక్కన రఫ్ పుస్తకంలా పెట్టుకోండి. ఆధార్, బ్యాంకు నంబర్లున్న కాగితాలు ఇందులోకి రానివ్వకండి, చింపేయాల్సిందే.

11. పాతపేపర్లబ్బాయికి తెల్ల కాగితం, అట్టలు, న్యూస్‌పేపర్లు వేర్వేరుగా కట్టి ఇవ్వండి. కలిపేస్తే అన్నిటికీ తక్కువ రేటే కడతారు. తూకం మీ ఎదుటే వేయించండి.