డ్రోన్‌తో విమానం ఎక్కుతున్నారా?

పెళ్లి షూటింగ్‌కో, విహారయాత్రకో డ్రోన్ వెంట తీసుకెళ్లేవారికి ఎయిర్‌పోర్టులో చిక్కు వచ్చేది డ్రోన్‌తో కాదు, దాని బ్యాటరీలతో. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఓ పట్టాన ఆరదు. క్యాబిన్‌లో అయితే పొగ కనబడగానే సిబ్బంది అందుకుంటారు, కింద లగేజీలో అయితే ఆ వీలుండదు.

1. విడి బ్యాటరీలన్నీ క్యాబిన్ బ్యాగులోనే పెట్టుకోవాలి. పవర్‌బ్యాంకుదీ అదే లెక్క. కౌంటర్ దగ్గరికి వెళ్లకముందే సూట్‌కేసు జేబులు తడిమి చూసుకోండి.

2. బ్యాటరీ మీద వాట్ అవర్లు ఎన్నో చూడండి. లేకపోతే వోల్టులను ఎంఏహెచ్‌తో గుణించి 1000తో భాగించండి. డీజేఐ మినీ 4 ప్రో మామూలు బ్యాటరీ 7.32 వోల్టులు, 2590 ఎంఏహెచ్. అంటే దాదాపు 19. మావిక్ 3 బ్యాటరీ అయితే 77.

3. 100 లోపు ఉంటే ముందస్తు అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ ఒప్పుకోవాలి, అదీ రెండు విడి బ్యాటరీలకే. 160 దాటినవి ప్రయాణికుల సామానులో వెళ్లవు. పొలంలో మందు కొట్టే పెద్ద డ్రోన్ల బ్యాటరీలతో ఇదే చిక్కు. చిన్నవైనా ఎన్ని తేవచ్చో ఒక్కో సంస్థ ఒక్కోలా చెబుతుంది, ముందే కనుక్కోండి.

4. ఫుల్ చార్జింగ్‌తో బయలుదేరొద్దు. బటన్ నొక్కితే నాలుగు లైట్లలో ఒకటో రెండో వెలిగితే చాలు.

5. ఒక్కో బ్యాటరీని విడిగా జిప్ కవర్లో పెట్టండి. తాళంచెవో, చిల్లర నాణెమో దాని పిన్నులకు తగిలితే షార్ట్ అవుతుంది. పిన్నులు బయటికి కనబడుతుంటే ఇన్సులేషన్ టేపు అంటించండి.

6. బల్ల మీద పెడితే ఊగుతున్నా, డ్రోన్‌లోకి బిగుతుగా దిగుతున్నా ఆ బ్యాటరీ ఉబ్బిందన్నమాటే. దాన్ని ప్రయాణానికి తేవద్దు. చెత్తబుట్టలోనూ వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి.

7. కెమెరా కదలకుండా గింబల్ కవరు బిగించి, రెక్కలు మడిచి, మెమరీ కార్డు తీసి పర్సులో దాచుకోండి. బ్యాగు 7 కిలోలు దాటేలా ఉంటే చార్జరు, అదనపు రెక్కలు చెకిన్‌లో వేసేయండి. స్క్రూడ్రైవర్ చోటూ అక్కడే.

8. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో పైన అరలు ఇరుకు. ఎక్కేముందు బ్యాగు తీసుకుని కింద వేస్తామంటారు. అందుకే బ్యాటరీల సంచీ చటుక్కున లాగేలా అన్నిటికన్నా పైన ఉంచండి.

9. విమానంలో చార్జింగ్ పెట్టొద్దు. బ్యాటరీ సీటు సందులోకి జారితే సీటు కదపకుండా సిబ్బందిని పిలవండి, నలిగితే నిప్పు పుట్టొచ్చు. వేడిగా అనిపించినా, వాసన వచ్చినా మొహమాటపడకుండా చెప్పేయండి.

10. దిగే చోట నిబంధనలు చూసుకోండి. మొరాకో, ఈజిప్టుల్లో కస్టమ్స్‌లోనే డ్రోన్ తీసేసుకుంటారు. మన దేశం కూడా 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. బావమరిది అడిగాడని అమెరికాలో కొని తెస్తే శంషాబాద్‌లోనే ఆగిపోవచ్చు. ఇక తిరుమల వెళ్తుంటే డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, కొండ మీద ఎగరేయడం నిషిద్ధం.