బంపర్ పట్టీ మార్చుకుంటే నేరమా?

కారు వెనుక బంపర్‌కున్న క్రోమ్ పట్టీ మాసిపోతే ఇంట్లోనే విప్పి నల్లరంగు వేసుకోవడం, ర్యాప్ అంటించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. పోలీసు ఆపితే చలానా రాస్తాడేమో, షోరూమ్‌వాళ్లు వారంటీ లేదంటారేమో అని కొందరు భయపడతారు. నా కారు, నా ఇష్టం అని మరికొందరు ధీమాగా ఉంటారు. చట్టం చదివితే ఆ భయానికీ పూర్తి ఆధారం లేదు, ఈ ధీమాకీ లేదు. అలంకారం వరకు యజమానికి స్వేచ్ఛ ఉంది. రోడ్డు మీద ఇతరుల భద్రత కోసం అమర్చిన భాగం దగ్గరికి వచ్చేసరికి ఆ స్వేచ్ఛ ఆగిపోతుంది.

దీనికి మూలం మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్. ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతోంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలను మార్చడం కుదరదని స్పష్టం చేసింది. అయితే ఆర్సీలో ఉండేవి ఇంజిన్, ఛాసిస్ నంబర్లు, బాడీ రకం, ఇంధనం, సీట్ల సంఖ్య, కారు రంగు వంటివి. బంపర్ పట్టీ రంగు అందులో ఎక్కడా రాయరు. కాబట్టి పట్టీకి రంగు మార్చినంత మాత్రాన 52వ సెక్షన్ ఉల్లంఘన అనడం నిలబడే వాదన కాదు. కారు మొత్తానికి రంగు మారిస్తే మాత్రం ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి.

పట్టీతో ఆగకుండా బంపర్ మీద చేయి వేస్తే లెక్క మారుతుంది. చాలా కార్లలో వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు బంపర్‌కే ఉంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం అవి తప్పనిసరి. నంబర్ ప్లేటు, రాత్రివేళ దాన్ని చూపించే లైటు కూడా అంతే. 2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో రివర్స్ పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి అయ్యాయి. అవి ఉండేది కూడా వెనుక బంపర్‌లోనే. సెన్సార్ మీద మందంగా రంగు పడితే, లేదా పట్టీ ఊడదీసేటప్పుడు దాని వైరు తెగితే, కారు వెనుక ఆడుకునే పిల్లవాడి ఉనికి డ్రైవరుకు తెలియకపోవచ్చు. ఇనుప క్రాష్ గార్డుల విషయంలోనూ ఆందోళన ఇదే. అవి పాదచారులకు ప్రమాదకరమనీ, 52వ సెక్షన్‌కు విరుద్ధమనీ 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి అదే చట్టంలోని 182ఏ(4) సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

బజారులో బహిరంగంగా అమ్ముతుంటే కొనడం తప్పెలా అవుతుందని చాలామంది అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ 182ఏ(4) బాధ్యత పెట్టింది వాహన యజమాని మీద. దుకాణదారు అమ్మాడు కదా అన్న సమాధానం కోర్టులో మిమ్మల్ని కాపాడదు. బీమా విషయంలోనూ జాగ్రత్త అవసరం. అదనంగా బిగించిన వస్తువులను పాలసీలో చూపించకపోతే వాటి నష్టానికి పరిహారం ఆశించలేరు.

ఇక వారంటీ. పట్టీ విప్పారు కాబట్టి కారు వారంటీ అంతా రద్దు అని ఎవరైనా అంటే తలూపి ఊరుకోకండి. బయట రిపేరు చేయించుకున్నారన్న ఏకైక కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టవద్దని, బయటి పని లోపం వల్ల కలిగిన నష్టం మేరకే రద్దు పరిమితం కావాలని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై ఇచ్చిన ఉత్తర్వులో చెప్పింది. దానిపై అప్పీళ్లు నడిచాయి. ఆ ఉత్తర్వు బయటి మెకానిక్కుల గురించి చెప్పిందే తప్ప ఇంటి పని గురించి కాదు. అయినా అందులోని తర్కం ఇక్కడికీ వర్తిస్తుంది. పట్టీ మార్చడానికీ ఇంజిన్ లోపానికీ సంబంధం లేదు. మీరు తెంపిన సెన్సార్ వైరు ఖర్చును మాత్రం కంపెనీ మీద వేయలేరు.

అందుకే విప్పే ముందు ఫొటోలు తీయండి, అసలు పట్టీని, క్లిప్పులను దాచండి, రిఫ్లెక్టరు, నంబర్ ప్లేటు లైటు, సెన్సార్ల జోలికి పోకండి. చలానా రాస్తే ఏ సెక్షన్ కింద రాశారో చూడండి. అన్యాయమనిపిస్తే దాన్ని ప్రశ్నించే హక్కు మీకుంది. వారంటీ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. పరిష్కారం దొరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, లేదా రెండేళ్లలోగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి.