పాటలో శాక్సోఫోన్ - నాడు, నేడు



పోయిన నెల సైన్సు సారు ధ్వని పాఠం చెప్తూ ఒక ప్రశ్న వేశారు. "ఒంటి నిండా ఇత్తడి ఉన్నా ఇత్తడి వాద్యాల్లో చేరనిది ఏది?" క్లాసులో ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు. జవాబు శాక్సోఫోన్. సారు తన ఫోనులో దాని మోత వినిపించారు. వినగానే నాకు మా తాత ఊదే పెప్రె గుర్తొచ్చింది. అందుకే సారును అడిగి, లైబ్రరీలో చూసి ఈ పాఠం రాస్తున్నాను.

పుట్టుక

దీన్ని కనిపెట్టినవాడు బెల్జియం దేశస్థుడు అడాల్ఫ్ సాక్స్ (1814-1894). 1846లో పారిస్‌లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరే దీనికీ వచ్చింది. ఆ రోజుల్లో సైన్యం బ్యాండులో ఒక చిక్కు ఉండేది. ట్రంపెట్ లాంటి ఇత్తడి వాద్యాలు గట్టిగా మోగేవి. క్లారినెట్ లాంటి చెక్క వాద్యాలు ఆరుబయట సరిగా వినపడేవి కావు. రెండింటికీ నడుమ నిలిచే గొంతు కావాలని సాక్స్ దీన్ని తయారు చేశాడు.

ఎలా మోగుతుంది?

నోట్లో పెట్టుకునే చోట రెల్లు జాతి మొక్కతో చేసిన ఒక పలుచని రేకు ఉంటుంది. దాన్నే రీడు అంటారు. ఊదితే రీడు కంపిస్తుంది, దానితో గొట్టంలోని గాలి కంపిస్తుంది. గొట్టం పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. మీటలతో రంధ్రాలు మూసి తెరిస్తే స్వరం మారుతుంది. మోత రీడు వల్ల వస్తుంది కాబట్టి దీన్ని చెక్క వాద్యాల్లో లెక్కిస్తారు. మన సన్నాయికి, పెప్రెకు ఒకదానికొకటి ఆనుకున్న రెండు రేకులుంటాయి. శాక్సోఫోన్‌కు ఒకటే. తేడా ఉన్నా చుట్టరికం ఉంది కదా!

సైన్యం నుంచి పాటలోకి

అమెరికాలో నల్లజాతి కళాకారులు దీనికి కొత్త ప్రాణం పోశారు. 1920ల నుంచి జాజ్ సంగీతంలో దీని పేరు పెరిగింది. 1939లో కోల్‌మన్ హాకిన్స్ 'బాడీ అండ్ సోల్' పాటను శాక్సోఫోన్ మీదే దాదాపు మొత్తం నడిపించాడు. 1942లో ఇల్లినాయ్ జాకె అనే 19 ఏళ్ళ కుర్రాడు 'ఫ్లయింగ్ హోమ్'లో గర్జించినట్టు వాయించాడు. తర్వాత చాలామంది ఆ పద్ధతి పట్టుకున్నారు. 1950లలో రాక్ అండ్ రోల్ పాట మధ్యలో గాయకుడు ఆగితే, అందుకునేది ఎక్కువగా శాక్సోఫోనే. 1958లో 'యాకెటీ యాక్' పాటలో కింగ్ కర్టిస్ వాయించింది అలాంటిదే.

చోటు పోయింది

1960లలో ఎలక్ట్రిక్ గిటారు వచ్చి ఆ మధ్య చోటు తీసుకుంది. నలుగురు కుర్రాళ్ళు, గిటార్లు, డ్రమ్ములు ఉంటే చాలు, బృందం తయారు. శాక్సోఫోన్ పూర్తిగా పోలేదు. జేమ్స్ బ్రౌన్ పాటల్లో మేసియో పార్కర్ లాంటివాళ్ళు దాన్ని దరువు లాగా, చిన్న చిన్న విరుపులతో వాయించారు. అంటే పని మారింది.

మళ్ళీ 1978లో 'బేకర్ స్ట్రీట్', 1984లో 'కేర్‌లెస్ విస్పర్' వచ్చాయి. ఈ రెండు పాటలనూ జనం మొదట గుర్తుపట్టేది శాక్సోఫోన్ ముక్కతోనే. కానీ అదే కాలంలో సింథసైజర్లు చవకయ్యాయి. 1983లో యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. ఒక్క మనిషి కూర్చుని పది వాద్యాల మోత తీయగలడు. 1990లకు శాక్సోఫోన్ పాత ఫ్యాషన్ అనిపించుకుంది. 2011లో లేడీ గాగా 'ది ఎడ్జ్ ఆఫ్ గ్లోరీ' పాటలో క్లారెన్స్ క్లెమన్స్ వాయించాక, కొత్త తరం పిల్లలు కూడా ఆ గొంతు విన్నారు. ఆ ఏడాదే ఆయన చనిపోయారు.

మన దేశంలో

హిందీ సినిమా పాటల్లో మనోహరి సింగ్ (1931-2010) దీన్ని వాయించారు. కర్ణాటకకు చెందిన కద్రి గోపాల్‌నాథ్ (1949-2019) నాదస్వరం వాయించే ఇంట్లో పుట్టారు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసు పడ్డారు. ఏళ్ళ తరబడి సాధన చేసి దాని మీద కర్ణాటక సంగీతంలోని గమకాలు పలికించారు. 1994లో వచ్చిన 'డ్యూయెట్' సినిమాకు ఎ.ఆర్.రెహమాన్ సంగీతంలో వాయించారు. 2004లో పద్మశ్రీ అందుకున్నారు. పరాయి వాద్యం పట్టుకుని, ఇంటి సంగీతం వదలకుండా నిలబడ్డారు.

నాకు తెలిసింది

వాద్యం తనంతట తాను చావదు. పిలిచేవాళ్ళు లేకపోతే మూలన పడుతుంది. పిలిస్తే కొత్త పని నేర్చుకుని వస్తుంది.

ఇప్పుడు నా మాట చెప్పాలి. వార్షికోత్సవానికి డీజే పెడదామా అని హాస్టల్లో అడిగినప్పుడు నేను కూడా చెయ్యి ఎత్తాను. దసరా సెలవులకు ఇంటికి పోతే తాత పెప్రె గోడకు వేలాడుతోంది. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు కూడా డీజేలే వస్తున్నాయి. "దండారికి తప్ప ఎవరు పిలుస్తరు బిడ్డా?" అన్నాడు తాత. నాకు సిగ్గనిపించింది. ఇంత దూరం దేశాల వాద్యం చరిత్ర రాస్తున్నాను, ఇంట్లో దాన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. ఆ రోజు పట్టుకుని ఊదాను. గాలి తప్ప మోత రాలేదు. తాత నవ్వి, "బుగ్గల్ల గాలి దాచుకోవాలె" అని చూపించాడు. రెండో రోజు చిన్న కూత వచ్చింది.

వార్డెన్ సారుకు నా మనవి: డీజే వద్దని నేను అనడం లేదు. దానికి ముందు పది నిమిషాలు మా తాతకు ఇవ్వండి. మీ ఇళ్ళల్లో కూడా వాయించేవాళ్ళుంటే, మిత్రులారా, పేర్లు నాకు చెప్పండి.

ఆలోచించండి:
1. ఇత్తడితో చేసిన శాక్సోఫోన్‌ను చెక్క వాద్యమని ఎందుకంటారు?
2. 1960లలో దాని చోటు ఏ వాద్యం తీసుకుంది?
3. మీ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ పిలవని వాద్యం ఏది?

మొదటి రెండింటికి జవాబు పైనే ఉంది. మూడో జవాబు రాసి తెస్తే వచ్చే సంచికలో అంటిస్తాం.

- 9వ తరగతి విద్యార్థి